ఇంటి కుక్కకు శిక్షణ: మర్యాదలు, ప్రవర్తనా సమస్యలు

6.1 పరిచయం

గత పాఠంలో పావ్‌లోవ్, థార్న్‌డైక్, స్కిన్నర్‌ల అభ్యసన సిద్ధాంతాలు చదివారు. అవి ప్రయోగశాలలో రూపుదిద్దుకున్న సూత్రాలు. ఇంటి ముంగిట అవి ఎలా పనిచేస్తాయో ఈ భాగంలో చూద్దాం. ఉదాహరణకు నెల్లూరు జిల్లా పడమటి మెట్టలోని వింజమూరు ప్రాంతాన్ని తీసుకుందాం. ఇక్కడ గొర్రెల మంద వెంట నడిచే కుక్క ఉంది, నిమ్మతోటకు కాపలా ఉండే కుక్క ఉంది. ఈమధ్య పట్నం నుంచి కొని తెచ్చి ఇంట్లో పెంచుకొనే లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ వంటివీ కనిపిస్తున్నాయి. మొదటి రెండింటికీ పని ఉంది, ఆ పనే వాటికి చదువు. మూడోదానికి పని లేదు. దాని ఇబ్బందుల్లో చాలా వరకు అక్కడే మొదలవుతాయి.

హైదరాబాదు, విజయవాడ వంటి నగరాలలో ఇంటికి వచ్చి నేర్పే ప్రైవేటు శిక్షకులు ఉన్నారు. మండల కేంద్రాలలో ఆ సౌకర్యం అరుదు. అయితే శిక్షకుడు చేసే పని ఏమిటో అర్థం చేసుకుంటే, అందులో ఎక్కువ భాగం ఇంటివాళ్లే చేయగలిగినదని తెలుస్తుంది.

6.2 శిక్షణ ఎవరికి?

సరిహద్దు భద్రతా దళం గ్వాలియర్ దగ్గరి టేకన్‌పూర్‌లో 1970లో జాగిలాల జాతీయ శిక్షణ కేంద్రాన్ని నెలకొల్పింది. రాష్ట్రాల పోలీసు జాగిలాలకు కూడా అక్కడ శిక్షణ ఇస్తారు. జాగిలాన్ని నడిపే పోలీసు కూడా దానితో కలిసి శిక్షణ పొందుతాడు. నేర్చుకునేది ఆ జంట.

ఇంటి కుక్క విషయంలో మనం దీన్ని మరచిపోతాం. నెలరోజులు ఎక్కడో వదిలిపెట్టి, బుద్ధి నేర్పి అప్పగించమంటాం. శిక్షకుడి ఆవరణలో నేర్చినది అక్కడి మనుషులతో, అక్కడి పరిసరాలతో ముడిపడి ఉంటుంది. దాన్ని మరో చోటికి విస్తరింపజేయడాన్ని సామాన్యీకరణ అంటారని చదివారు. అది దానంతట అదే జరగదు. ఇంటికి వచ్చిన కుక్కతో అందరూ పాత పద్ధతిలోనే మెలగితే పాత ప్రవర్తనే తిరిగి వస్తుంది. అందుకే మంచి శిక్షకుడు కుక్కతో గడిపే సమయం కంటే ఇంటివాళ్లతో మాట్లాడే సమయమే ఎక్కువగా ఉంటుంది.

6.3 మర్యాద నేర్పడం

చుట్టాలు గేటు తీయగానే కుక్క ముందుకాళ్లు ఎత్తి మీద పడుతుంది. ఇంటివాళ్లు "ఛీ, దిగు" అని అరుస్తూ చేత్తో తోస్తారు. మన లెక్కలో అది తిట్టు. కుక్క లెక్కలో పలకరింపు, స్పర్శ, ఆట. ఫలితం తృప్తినిస్తే ప్రతిస్పందన బలపడుతుందన్న థార్న్‌డైక్ ఫలిత నియమాన్ని ఇక్కడ గుర్తు చేసుకోండి.

శిక్షకుడు ఎగరడాన్ని మాన్పించే ముందు కూర్చోవడాన్ని నేర్పుతాడు, ఎందుకంటే కూర్చున్న కుక్క అదే క్షణంలో ఎగరలేదు. ఉడికించిన గుడ్డు ముక్కను ముక్కు దగ్గర ఉంచి మెల్లగా తలమీదుగా వెనక్కి జరుపుతాడు. తల పైకి లేచేసరికి వెనకభాగం నేలకు ఆనుతుంది. ముక్క ఆ క్షణంలోనే ఇవ్వాలి. రెండు మూడు సెకన్లు ఆలస్యమై కుక్క లేచి నిలబడిందంటే, మీరు బలపరచింది లేవడాన్ని. ఐదేసి నిమిషాల చొప్పున రోజుకు రెండు మూడు సార్లు చాలు. తరువాత చుట్టాలు వచ్చినప్పుడు కూర్చుంటేనే పలకరింపు, ఎగిరితే మొహం తిప్పుకోవడం. ఇది ఇంటిల్లిపాదీ పాటించాలి.

కష్టం ఇక్కడే. అందరూ పాటిస్తారు, అవ్వ మాత్రం అన్నం తింటూ అప్పుడప్పుడు ఒక ముద్ద విసురుతుంది. ఎప్పుడో ఒకసారి దక్కే బహుమతి రోజూ దక్కే బహుమతి కంటే ప్రవర్తనను గట్టిగా నిలబెడుతుందని స్కిన్నర్ పావురాలతో చూపాడు. పాక్షిక పునర్బలనం అంటే అదే. పైగా, బహుమతి ఆపిన మొదటి రోజుల్లో కుక్క అరుపు తగ్గకపోగా పెరుగుతుంది. ఆ పెరుగుదల చూసి "ఇది పనిచేయలేదు" అని నాలుగో రోజున ముద్ద పెట్టినవారు, గట్టిగా అరిస్తే దక్కుతుందని నేర్పినవారవుతారు.

6.4 మొరుగుడు వెనక ఉన్న లెక్క

గ్యాస్ సిలిండర్ తెచ్చే మనిషిని చూసి కుక్క మొరుగుతుంది. అతను సిలిండర్ దించి వెళ్లిపోతాడు. అతని పని అయిపోయింది కాబట్టి వెళ్లాడని మనకు తెలుసు. తాను మొరిగినందుకే వెళ్లాడని కుక్క అనుభవం. అప్రియమైన ఉద్దీపన తొలగిపోవడం వల్ల ప్రతిస్పందన బలపడితే దాన్ని ఋణాత్మక పునర్బలనం అంటారు. విద్యార్థులు దీన్ని తరచుగా దండనతో కలిపి పొరబడతారు. మోటారు సైకిళ్లను తరిమే వీధికుక్కకూ ఇదే లెక్క: తరిమిన ప్రతి బండీ వెళ్లిపోయింది, అంటే ప్రతిసారీ గెలుపే.

అభ్యాసం: మీకు తెలిసిన ఒక కుక్కను వారం రోజులు దూరం నుంచి గమనించండి. అది మొరిగిన ప్రతిసారీ మూడు విషయాలు రాయండి: దానికి ముందు ఏం జరిగింది, కుక్క ఏం చేసింది, వెంటనే దానికి ఏం దక్కింది. శిక్షకుడు మొదటి రోజు ఇంటివాళ్లను అడిగేది కూడా ఈ పట్టికే.

6.5 భయం, గొలుసు, దెబ్బ

కరిచే కుక్కల్లో చాలా వాటి వెనక ఉండేది పొగరు కాదు, భయం. అయినా "దాన్ని అదుపులో పెట్టాలి, నువ్వే నాయకుడివని చూపాలి" అనే సలహా ఇంకా వినిపిస్తుంది. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ బంధించి ఉంచిన తోడేళ్లను పరిశీలించి రాసిన దాని నుంచి ఈ ఆలోచన వ్యాపించింది. అడవి తోడేళ్ల గుంపు సాధారణంగా తల్లిదండ్రులు, పిల్లలు ఉన్న కుటుంబమేనని, నాయకత్వ పోరు దృష్టితో దాన్ని వివరించడం తగదని డేవిడ్ మెక్ 1999లో స్పష్టం చేశాడు. తోడేలుకే సరిపడని సూత్రాన్ని కుక్క మీద రుద్దడం ఎందుకు?

దెబ్బతో వచ్చే ప్రమాదం మరొకటి ఉంది. గుర్రుమనడం కుక్క ఇచ్చే హెచ్చరిక. గుర్రుమన్న ప్రతిసారీ కొడితే హెచ్చరిక ఆగుతుంది, లోపలి భయం అలాగే ఉంటుంది. అప్పుడు ఆ కుక్క చప్పుడు లేకుండా కరుస్తుంది. పిల్లలున్న ఇంట్లో ఇది ఎంత ప్రమాదమో ఊహించండి.

భయానికి మందు దూరం, తిండి, ఓపిక. దీపావళి టపాసులకు వణికే కుక్కకు కొన్ని వారాల ముందునుంచే ఆ చప్పుళ్లను ఫోనులో, చెవి రిక్కించేంత తక్కువ స్థాయిలో వినిపిస్తూ ఇష్టమైన తిండి పెడతారు. వణుకు కనిపిస్తే స్థాయి తగ్గిస్తారు, లేకపోతే కొద్దికొద్దిగా పెంచుతారు. పావ్‌లోవ్ గంటకు, తిండికి వేసిన ముడినే ఇక్కడ భయాన్ని విప్పడానికి వాడుతున్నాం.

పగలంతా గొలుసుకు కట్టి ఉంచడం కూడా సమస్యను పెంచుతుంది. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టంలోని 11వ సెక్షను ప్రకారం జంతువును కొట్టి బాధించడం, మరీ పొట్టి లేదా బరువైన గొలుసుతో ఎక్కువసేపు కట్టి ఉంచడం నేరాలే. ఎప్పుడూ కట్టి ఉంచే కుక్కకు తగిన నడక లేకుండా చేయడం కూడా ఆ సెక్షనులోనే ఉంది. కొట్టడాన్నే శిక్షణ అనే వ్యక్తికి కుక్కను అప్పగించే ముందు ఇది గుర్తుంచుకోవాలి.

6.6 కీలక దశ

స్కాట్, ఫుల్లర్ అనే శాస్త్రవేత్తలు 1965లో ప్రచురించిన గ్రంథంలో, సుమారు మూడో వారం నుంచి పన్నెండో వారం వరకు కుక్కపిల్ల ఎవరి మధ్య పెరిగితే వారిని తనవారిగా గుర్తిస్తుందని చూపారు. కాపరి ఈ సంగతి పుస్తకం లేకుండానే వాడుకుంటాడు. మందలో పెరిగిన పిల్ల గొర్రెలను తనవాటిగా చూస్తుంది. అదే వయసులో గొలుసుకు కట్టేసిన పిల్లకు మనుషులంటే ఇంటి నలుగురే. అయిదోవాడు శత్రువు.

6.7 శిక్షణ పనికిరాని సందర్భం

సాధువైన కుక్క అకస్మాత్తుగా కసిరితే ముందు పశువైద్యుడికి చూపించాలి. చెవిపోటు, కీళ్లనొప్పి వంటివి కారణం కావచ్చు. అదే మొరుగుడు గొంతు మారి, చొంగ కారుస్తూ, మింగలేక, కనిపించినదాన్నల్లా కరుస్తుంటే రేబిస్‌గా అనుమానించి, దగ్గరికి పోకుండా పశువైద్యశాలకు వెంటనే తెలియజేయాలి. ఇంటి కుక్కకు మూడు నెలల వయసులో రేబిస్ టీకా, ఆపైన పశువైద్యుడు చెప్పిన గడువుల్లో మళ్లీ టీకాలు వేయించాలి.

కుక్క కరిస్తే పసుపు, కారం, సున్నం, ఆకుపసరు ఏదీ పెట్టకూడదు. ధారగా పడే నీటితో, సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాలి. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో టీకాలు 0, 3, 7, 28వ రోజుల్లో వేస్తారు. గాయం లోతుగా ఉంటే గాయంలోకి ఇమ్యునోగ్లోబులిన్ కూడా ఇస్తారు. కరిచింది మన ఇంటి కుక్కే కదా, టీకా వేయించాం కదా అని వైద్యుడిని అడగకుండా మానకూడదు. ఆ కుక్కను చంపకుండా పది రోజులు గమనించాలి.