భయభక్తు లనగా నేమి?

తెలుగు బైబిలును చదువువారికి పలుమారు ఎదురగు మాటలలో "భయభక్తులు" అనునది యొకటి. హెబ్రీ మూలమున ఈ భావమునకు ఒక్కటే పదము. ఇంగ్లీషువారును భయమను అర్థమిచ్చు ఒక్క మాటతోనే దానిని సాధారణముగా అనువదించిరి. మనవారు మాత్రము రెండు మాటలను జోడించిరి. 1805వ సంవత్సరమున విశాఖపట్టణమునకు వచ్చిన లండను మిషనువారు, క్రాన్, డెస్ గ్రాంజెస్ అను నిరువురు, ఆనందరాయరు సాయముతో అనువాదమునకు పూనుకొనిరి. 1812లో మూడు సువార్తలు శ్రీరామపురమున అచ్చుపడెను. 1818లో ప్రిట్చెట్టు దొరగారి క్రొత్త నిబంధన చెన్నపట్టణమున వెలువడెను. పిమ్మట ఎందరో ఆ పనిని దిద్దుచు వచ్చిరి. ఆ శ్రమవలన మనకు దక్కిన మేలైన మాటలలో ఈ జంటపదమును ముందుగా నేనెంచుదును.

ఏలయన, భయము వేరు, భక్తి వేరు. అప్పిచ్చినవాడు వీధిమలుపున కనబడినప్పుడు రైతునకు కలుగునది భయమే గాని భక్తి కాదు; అతడు ప్రక్కసందున తప్పించుకొని పోజూచును. ఏదెను తోటలో చెట్లచాటున దాగిన ఆదాము సంగతియు నిట్టిదే. ఇక భక్తి యొక్కటియే యున్నచో అది చనువుగా మారి, ఆ చనువు అలక్ష్యముగా మారుటయు కలదు. తండ్రి యింటికి వచ్చినప్పుడు పరుగున ఎదురేగు బిడ్డయే, ఆయన మాటలాడుచుండగా అడ్డుపడక నిలుచును. ఆ బిడ్డ జంకునది దెబ్బకు కాదు. తండ్రి మనస్సు నొచ్చునేమో యని. పూర్వపు సంఘోపదేశకులు దీనినే దాసుని భయమనియు కుమారుని భయమనియు వేరుపరచిరి. పౌలు రోమీయులకు వ్రాసిన పత్రిక 8వ అధ్యాయమున దాస్యపు ఆత్మను విడిచి, దేవుని తండ్రీ యని పిలుచు ఆత్మను గూర్చి చెప్పుటయు ఈ భావముతోనే.

దీని చిహ్నములు దేశమునుబట్టి మారుచుండును. పాశ్చాత్య పురుషులు దేవాలయమున ప్రవేశించునప్పుడు టోపీ తీసి, పాదరక్షలతో లోపలికి వత్తురు. మనము చెప్పులను గడప వెలుపల విడుతుము. మండుచున్న పొద యెదుట మోషే పొందిన ఆజ్ఞ మన వాడుకకు దగ్గరగా నున్నదని మన పెద్దలు సంతోషించుట న్యాయమే. అయితే వెలుపలి చిహ్నముతో సరిపుచ్చుకొనువారిని వేమన యెంతగా ఎగతాళి చేసెనో పిల్లలు పద్యపాఠములలో చదివియే యున్నారు. ఆయన సమాధి మన కదిరి ప్రాంతపు కటారుపల్లెలో నున్నదని ప్రసిద్ధి.

ఇంతవరకు చెప్పినది సుళువు. కఠినమైన ప్రశ్న మన నేలనుండియే పుట్టుచున్నది. అనంతపురపు సీమ పడమటి కనుమల చాటున నుండుటచే నైరృతి వానలు ఇచ్చటికి చేరునప్పటికి బలహీనమగును. తూర్పుతీరమునకు దూరమగుటచే ఈశాన్యపు వానలును అంతంతమాత్రమే. సగటున సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటర్లు పడును. అదియు కావలసిన వారమున పడదు. వేరుసెనగ ఊడలు దిగువేళ మూడు వారములు మబ్బు మొగము చాటేసినచో చేను పశువుల మేతకే మిగులును. అప్పుడు పొరుగువాడు తల్లిదండ్రులను అడుగును: "ఆదివారము తప్పక గుడికి పోతిరే, మీ చేనిలో ఏమైన వాన కురిసెనా?" బిడ్డలు ప్రక్కననే నిలిచి వినుచుందురు.

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. యోబు గ్రంథారంభమున సాతాను వేసిన ప్రశ్నయు నిదియే: లాభమేమియు లేకుండ యోబు దేవుని పూజించునా? అచ్చటను తెలుగు బైబిలు మన జంటపదమునే వాడుచున్నది. మనుష్యుని భక్తి యొక బేరమనియు, సరకు ఆగినచో బేరము తెగుననియు వాని వాదము. యోబు మందలను, బిడ్డలను, ఆరోగ్యమును పోగొట్టుకొనియు బేరగాడు కాడని తేలెను. గమనింపుడు, అతడు మౌనముగా నుండలేదు, మొరపెట్టెను, వాదించెను. చెరసాలలో రాముని నిష్ఠురమాడిన గోపన్నను ఎరిగిన తెలుగువారికి ఇది వింతగా తోచదు. నిష్ఠురమాడుటకైనను ఆయనయొద్దకే పోవుట భయభక్తులలో చేరినదే.

ఏలీయా ప్రార్థింపగా వాన వచ్చిన కథను మనము తరచు చెప్పుకొందుము. యిర్మీయా 14వ అధ్యాయమును అంతగా చదువము. అది మన వేసవినే వర్ణించినట్లుండును. నీళ్లకు పోయినవారు వట్టి కుండలతో తిరిగివచ్చుట, నేల బీటలువారుట, సేద్యగాండ్రు సిగ్గుతో తల కప్పుకొనుట, గడ్డి లేక లేడి తన పిల్లను విడిచిపోవుట, అన్నియు అందున్నవి. ప్రవక్త మొరపెట్టెను, వెంటనే వాన కురిసెనని ఆ అధ్యాయము చెప్పదు. వాన నీతిమంతుల చేలమీదను, అనీతిమంతుల చేలమీదను ఒక్కరీతినే కురియునని ప్రభువు కొండమీది ప్రసంగమున తెలిపెను. అది కూలి కాదు గనుక, రానప్పుడు శిక్షయనియు మనము తీర్పు చెప్పరాదు. కరువు వచ్చిన ఊరిని చూచి ఎవరి పాపమో యని వెదకువారికి యోబు స్నేహితుల గతిని జ్ఞాపకము చేయవలెను.

తెలుగుదేశమున ఈ సంగతి పరీక్షకు వచ్చిన కాలమొకటి కలదు. 1876 మొదలు 1878 వరకు మద్రాసు రాజధానిని మహాక్షామము పీడించెను. అనంతపురము అప్పటికింకను బళ్లారి జిల్లాలోనిదే. 1882లో గాని వేరు జిల్లా కాలేదు. ఆ క్షామకాలమున ఒంగోలులోని అమెరికను బాప్తిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగుహాము కాలువ త్రవ్వకములో కొంతభాగమును గుత్తకు తీసుకొని, ఆకలిగొన్నవారికి కూలిపని కల్పించిరి. వేలకొలది జనులు క్రీస్తు మతమున చేరెదమనిరి. అయినను ఆయన సంవత్సరమునకు పైగా ఎవరికిని బాప్తిస్మ మియ్యలేదు. అన్నముకొరకు ఎవరును దేవుని నామమును ధరింపరాదని ఆయన తలంపు. కరువు కడతేరుచున్న దినములలో, 1878 జూలై 3వ తేదీన, గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లియొద్ద 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆకలియే వారిని తెచ్చెనని నేటికిని వాదించువారు కలరు. హృదయములను తూచు త్రాసు మనయొద్ద లేదు. కాని కూలిని ఒకచేతను బాప్తిస్మమును మరియొకచేతను పట్టుకొని నిలువకుండుట సరియైన పనియే. ఇచ్చువానికిని భయభక్తులు కావలెను గదా.

పుచ్చుకొనువారి విషయమును మలాకీ 1వ అధ్యాయము చెప్పుచున్నది. గ్రుడ్డిదియు కుంటిదియునైన పశువును బలికి తెచ్చినవారిని, దానిని మీ అధికారికి కానుకగా నిచ్చి చూడుడని ప్రవక్త ఎత్తిపొడిచెను. ఇచ్చట నేరము కొంచెము తెచ్చుట కాదు; మంచిది ఇంట నుంచుకొని చెడ్డది తెచ్చుట. మన సంఘములలో పంటల పండుగనాడు ఈ భేదము కన్నులకు కట్టును. మంచి యేట కాయల బస్తాలు, గుమ్మడికాయలు, కోళ్లు వచ్చి బల్లముందు చోటు చాలదు. కరువు యేట ఒక ముదుసలి చేటలో దోసెడు కొర్రలు తెచ్చును. రాళ్లు ఏరి, పొట్టు చెరిగి, శుభ్రము చేసిన కొర్రలు. ఆరాధన ముగిసి వేలము పాడునప్పుడు ఆ దోసెడు గింజలకు అంగడి ధరను మించిన వెల పలుకుట కద్దు.