విదేశములకు పంపు పశువులకు, పశు ఉత్పత్తులకు ఆరోగ్య ధ్రువపత్రము



చీపురుపల్లి చుట్టుప్రక్కల గ్రామములలో మేకలు, గొర్రెలు పెంచువారు అనేకులు కలరు. విశాఖపట్నము రేవు మనకు దగ్గరలోనే ఉన్నది. విదేశములకు పంపిన సరుకునకు మంచి ధర వచ్చునని విని, "ఆరోగ్య ధ్రువపత్రము ఎక్కడ ఇత్తురు? ఎన్ని దినములలో వచ్చును?" అని కొందరు అడుగుచున్నారు. పత్రముపై సంతకము చేయువాడు ప్రభుత్వ అధికారియే. కాని అతడు అందులో వ్రాయు సంగతులు మీ పశువుల సాలలో జరిగిన పనులను బట్టి ఉండును. టీకా లేని మేకకు రేవు దగ్గర టీకా వేయించి, ఆ దినముననే ఓడ ఎక్కించుటకు వీలు లేదు. కనుక పత్రమునకు కావలసిన ఏర్పాట్లు అమ్మకమునకు ఎన్నో నెలల ముందే ఇంటివద్ద ప్రారంభింపవలెను.

ఈ పత్రము ఎందులకు?

1920లో మన దేశమునుండి బ్రెజిలు దేశమునకు పోవు పశువులను త్రోవలో బెల్జియము దేశపు ఆంట్‌వెర్ప్ రేవున దింపిరి. వాటితోపాటు వచ్చిన ముసర వ్యాధి అక్కడి పశువులకు సోకెను. ఒక్క ఓడ సరుకు ఒక దేశమునే కలవరపెట్టెను. దీనిని చూచి పలు దేశములవారు 1921లో పారిస్ నగరమున సమావేశమైరి. 1924లో 28 దేశములు ఒప్పందము చేసికొని పశువ్యాధుల కొరకు ఒక అంతర్జాతీయ సంస్థను స్థాపించిరి. దానినే నేడు ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ అందురు. నేటి ధ్రువపత్రముల నియమములకు ఈ సంస్థ వ్రాసిన నియమావళియే ఆధారము.

మన ఒంగోలు జాతి పశువులు బ్రెజిలులో "నెలోర్" అను పేరున విస్తారముగా వృద్ధి చెందినవి. 1962లో మన దేశమునుండి పోయిన పశువులను ఆ దేశమువారు నేరుగా తమ మందలలో కలుపుకొనలేదు. ఫెర్నాండో డి నొరోన్యా అను దీవిలో వేరుగా ఉంచి, పరీక్షించిన పిమ్మటనే లోపలికి తీసికొనిరి. ఎంత మంచి జాతి పశువైనను ఈ పరీక్ష తప్పదు.

ముసర వ్యాధి 2011 నాటికి ప్రపంచమున నిర్మూలమైనది. కాని గాలికుంటు వ్యాధి మన దేశమున ఇంకను ఉన్నది. ఈ కారణమున అనేక దేశములు మన ఆవులను, గేదెలను, మేకలను, గొర్రెలను ప్రాణముతో రానీయవు. కావున కొనువాని దేశము అనుమతించునో లేదో ముందుగా తెలిసికొనక ఒక్క రూపాయి కూడ ఖర్చు చేయరాదు.

ఏ సరుకునకు ఎవరు పత్రము ఇత్తురు?

1. ప్రాణముతో ఉన్న పశువులు, పక్షులు, ఉన్ని, చర్మములు, ఎముకలు మొదలగు వాటికి కేంద్ర ప్రభుత్వపు పశు క్వారంటీను, ధ్రువీకరణ కేంద్రములు పత్రము ఇచ్చును. ఇవి ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, హైదరాబాదు, బెంగళూరులలో కలవు.

2. రొయ్యలు, చేపలు, పాల పదార్థములు, తేనె మొదలగు వాటిని ఎగుమతి తనిఖీ మండలి ఏజెన్సీలు పరీక్షించి పత్రము ఇచ్చును. 1963 నాటి చట్టము క్రింద ఇవి ఏర్పడినవి. చెన్నై ఏజెన్సీకి విశాఖపట్నములో ఉపకార్యాలయము కలదు.

3. మాంసమును రైతు తనంతట తాను పంపుటకు వీలు లేదు. అపెడా సంస్థలో నమోదైన కబేళాలలోనే పశువును కోయుటకు ముందు, కోసిన తరువాత పశువైద్యుడు పరీక్షింపవలెను.

ఊరి పత్రము వేరు, ఎగుమతి పత్రము వేరు

ఇక్కడ చాలమంది పొరపడుచున్నారు. మేకలను, గొర్రెలను ఆరు గంటలకు మించిన ప్రయాణముపై రైలులోగాని లారీలోగాని పంపునపుడు, అవి ప్రయాణమునకు తగియున్నవని పశువైద్యుని పత్రము ఉండవలెనని 1978 నాటి నిబంధనలు చెప్పుచున్నవి. ఈ పత్రము దారికి మాత్రమే చాలును. దీనిని చూపిన ఓడ ఎక్కనీయరు. ఎవరైన దళారి ఇదే ఎగుమతి పత్రమని చెప్పి డబ్బు అడిగినచో నమ్మవలదు.

ప్రాణముతో ఉన్న మేకలను పంపు క్రమము

మొదట ఎగుమతిదారునికి విదేశ వాణిజ్య శాఖవారు ఇచ్చు ఎగుమతి సంఖ్య ఉండవలెను. ఆ సంఖ్య లేని రైతు, అది ఉన్న వర్తకుని ద్వారా గాని సంఘము ద్వారా గాని పంపుకొనవచ్చును. పిమ్మట కొనువాడు తన దేశపు అనుమతిని, ఆరోగ్య షరతులను వ్రాతమూలముగ పంపవలెను. ఏ వ్యాధికి పరీక్ష చేయవలెను, ఏ టీకా ఉండవలెను, ఎన్ని దినములు వేరుగా ఉంచవలెను అనునవి ఆ షరతులలో ఉండును. దేశమును బట్టి ఇవి మారును.

ఆ కాగితములతో క్వారంటీను కేంద్రమునకు దరఖాస్తు చేసికొనవలెను. అధికారి పశువులను చూచి రక్తపు నమూనాలు తీయించును. రైతు తానే తెచ్చి ఇచ్చిన నమూనాలు చెల్లవు. పశువులను ఇతర మందలతో కలియనీయక వేరుగా ఉంచవలెను. మేకలకు, గొర్రెలకు వచ్చు పారుడు రోగము విషయమున అంతర్జాతీయ నియమావళి 21 దినముల గడువును సూచించుచున్నది. అన్నియు సరిగా ఉన్నచో, పంపు సమయమున మరల పరీక్షించి పత్రము ఇత్తురు.

ఒక ఉదాహరణ చూడుడు. ఒక రైతు వద్ద 40 మేకలు కలవు. అన్నిటికిని చెవిపోగులు ఉన్నవి, టీకాలు పూర్తియైనవి. లారీలో చోటు మిగిలినదని, పోవుచు దారిలో మానాపురము సంతలో 10 మేకలు కొని వాటిలో కలిపినాడు. ఆ పదింటి చరిత్ర ఎవరికిని తెలియదు. వాటిలో ఒక్కదానికి రోగమున్నను తక్కిన 40 మేకలకు సోకవచ్చును. అధికారి మొత్తము మందను నిలిపివేయును. 10 మేకల లాభమునకు ఆశపడి 50 మేకల అమ్మకమును పోగొట్టుకొనుట ఇట్లే జరుగును.

ఉత్పత్తుల విషయము

రొయ్యల విషయమున మందుల అవశేషములే ముఖ్యమైన చిక్కు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ మందులను చెరువులలో వాడుట నిషిద్ధము. 2016లో ఐరోపా సమాఖ్య మన రొయ్యల సరుకులో పరీక్షించు భాగమును నూటికి 10 నుండి 50కి పెంచినది. కొందరి తప్పునకు అందరును నష్టపడిరి. పట్టుబడికి ముందే ఎంపెడా పరీక్షాశాలలో నమూనా చూపించుకొనుట మేలు.

పాడిపశువునకు మందు వేసినపుడు, సీసాపై వ్రాసిన గడువు తీరువరకు ఆ పాలను అమ్మరాదు. దొమ్మరోగముతో చచ్చిన పశువు చర్మమును ఎన్నడును ఒలవరాదు. ఆ రోగపు క్రిములు నేలలో అనేక సంవత్సరములు జీవించియుండును. అవి మనుష్యులకును ప్రాణాపాయము.

ఇంటివద్ద చేయవలసిన పనులు

1. ప్రతి పశువునకు 12 అంకెల చెవిపోగు వేయించుడు.

2. 2019లో ప్రారంభమైన జాతీయ పథకము క్రింద గాలికుంటు టీకా ఉచితముగ వేయుదురు. తప్పక వేయించుడు. 4 నుండి 8 నెలల వయసు గల పెయ్యదూడలకు ఈసుడు రోగపు టీకా కూడ ఇందులో కలదు.

3. ఒక నోటుపుస్తకములో పశువు సంఖ్య, పుట్టిన లేక కొన్న తేది, టీకా తేది, వాడిన మందు, చచ్చిన పశువుల వివరములు వ్రాయుచుండుడు.

4. క్రొత్తగా కొన్న పశువును మూడు వారములు వేరుగా కట్టుడు.

5. రోగము కనబడినచో దాచక ఆ దినముననే పశువైద్యశాలకు తెలుపుడు. ఒకరు దాచిన రోగము ఊరంతటికి ప్రాకును.

విదేశములకు పంపకపోయినను ఈ పనులు వృథా కావు. మంద ఆరోగ్యముగ ఉండును, సంతలో మంచి ధర పలుకును. సందేహములున్న రైతులు చీపురుపల్లి పశువైద్యశాలలో గాని, సమీపమున ఉన్న గరివిడి పశువైద్య కళాశాలలో గాని సలహా పొందవచ్చును. వెళ్ళునపుడు పై నోటుపుస్తకమును వెంట తీసికొని పోవుడు.