గడి గడికీ రెట్టింపు: ఒక 20 అంకెల సంఖ్య నేర్పే పాఠం

షత్రంజ్ బల్ల మీద 64 గళ్లు. మొదటి గడిలో ఒక గోధుమ గింజ, రెండో గడిలో 2, మూడో గడిలో 4... ఇలా రెట్టింపు చేస్తూ పోతే మొత్తం ఎన్ని గింజలు?

షత్రంజ్ కనిపెట్టిన సిస్సా తన రాజును అడిగిన బహుమానం ఇదేనన్న కథను 13వ శతాబ్దపు చరిత్రకారుడు ఇబ్న్ ఖల్లికాన్ రాశారు. డమాస్కస్‌లో ఖాజీగా పనిచేసిన ఆయన కూడా మొదట ఆ లెక్కను నమ్మలేదు. అలెగ్జాండ్రియాకు చెందిన ఒక లెక్కల గుమాస్తా వేసి చూపించాకే నమ్మారు.

ఆ సంఖ్య ఇది: 1,84,46,74,40,73,70,95,51,615.

కిలోకు 25 వేల గింజలు అనుకున్నా, ఇన్ని గోధుమలు పండడానికి ప్రపంచమంతా కలిసి ఇప్పటి లెక్కన 900 ఏళ్లకు పైగా సాగు చేయాలి.

కూడిక చాలా తేలిక. ఒక్క గింజ అప్పు తెచ్చుకోండి. దానికి మొదటి గడిలోని 1 కలిపితే 2. రెండో గడిలోని 2 కలిపితే 4. మూడో గడిలోని 4 కలిపితే 8. ఇలా 64 గళ్లూ అయ్యాక అప్పు గింజ తిరిగి ఇచ్చేస్తే, మిగిలిందే జవాబు.

సుమారు 1000వ సంవత్సరంలో అల్ బీరూనీ ఈ సంఖ్యను సరిగ్గా లెక్కగట్టారు. ఒక్కో గడీ కూడుతూ కూర్చోకుండా వర్గాల దారి పట్టారు. 2ను 2తో గుణిస్తే 4. 4ను 4తో గుణిస్తే 16. ఆ తర్వాత 256, 65,536, 4,29,49,67,296. దీన్ని మళ్లీ దానితోనే గుణించి 1 తీసేస్తే చాలు. మొత్తం ఆరే గుణకారాలు!

ఈ మెట్లకు ఒక్కొక్కటి కలపండి: 3, 5, 17, 257, 65,537. ఇవన్నీ ప్రధాన సంఖ్యలే, అన్నీ మన పెద్ద సంఖ్యను నిశ్శేషంగా భాగిస్తాయి. తర్వాతి మెట్టు 4,29,49,67,297 కూడా భాగిస్తుంది. అదీ ప్రధాన సంఖ్యేనని ఫెర్మా అనుకున్నాడు. కాదు, 641తో భాగించవచ్చని 1732లో ఆయిలర్ చూపించాడు.

అన్నిటికంటే ముఖ్యమైన గుణం ఇంకొకటుంది. ఏ గడి తీసుకున్నా, అందులోని గింజలు అంతకు ముందున్న గళ్లన్నిటి మొత్తం కంటే ఒకటి ఎక్కువ. నాలుగో గడిలో 8, ముందున్నవి 1+2+4 అంటే 7.

“డబ్బు కట్టి చేరండి, మరో ఇద్దరిని చేర్పించండి, రెట్టింపు వస్తుంది” అని మన ఇళ్లకు వచ్చే గొలుసు స్కీముల గుట్టు ఇక్కడే తెలిసిపోతుంది. అందరూ ఇద్దరేసి మందిని చేర్పిస్తే 31వ వరుసకే 214 కోట్ల మంది కావాలి. మన దేశ జనాభా 140 కోట్ల చిల్లర. కాబట్టి గొలుసు ఎక్కడో తెగాల్సిందే. తెగిన రోజున చివరి వరుసలో ఉన్నవాళ్లు, పైనున్న అందరికంటే ఎక్కువ మంది. అంటే సగానికి పైగా జనం కట్టిన డబ్బు పోయినట్టే. నడిపేవాడు తెలిసినవాడైనా, బంధువైనా, నమాజీ అయినా ఈ లెక్క మారదు.

ఈసారి ఎవరైనా అలాంటి మాటతో వస్తే, పిల్లల చేత కాగితం మీద పది వరుసలు వేయించి చూడండి.