అందం చూసి కాదు... పొంతన చూసి!

పెళ్లి సంబంధం చూసేటప్పుడు పిల్లాడు ఎర్రగా బుర్రగా ఉన్నాడని ఒక్క ముక్కతో సరే అనేస్తామా? కుటుంబం ఎలాంటిది, కోపం ఎక్కువా, నలుగురిలో సర్దుకుపోతాడా... అన్నీ వాకబు చేస్తాం. అదేమిటో గానీ, అక్వేరియం దుకాణానికి వెళ్లేసరికి ఆ జాగ్రత్తంతా గుమ్మం బయటే వదిలేస్తాం. నీలంది ఒకటి, పసుపుది ఒకటి, చారలది ఒకటి కవర్లలో కట్టించుకుని వచ్చేస్తాం. పది రోజుల్లో ఒకదాన్నొకటి పొడుచుకుని, చివరికి ఒక్కటే మిగులుతుంది. "చేపలు మనకి అచ్చిరావులే" అని ట్యాంకుని అటక ఎక్కించేస్తాం. అచ్చిరాకపోవడం కాదండీ, పొంతన చూడకపోవడం!

విశాఖపట్నంలో మా ఇంట్లో 300 లీటర్ల ఉప్పునీటి అక్వేరియం ఉంది. 7 ఏళ్లుగా నేనే చూసుకుంటున్నాను. డల్లాస్‌లో ఉంటున్న మా చెల్లెలి ఇంట్లోనూ ఒకటుంది. దాని ట్యాంకులో చేపలతోపాటు బతికున్న పగడాలూ ఉన్నాయి. నా ట్యాంకులో లేవు. ఎందుకో తర్వాత చెబుతాను. ముచ్చటపడి కొనేది పిల్లలో, వాళ్ల నాన్నగారో కావచ్చు. మేత వేసేదీ, నీళ్లు మార్చేదీ మాత్రం మా రెండిళ్లలోనూ మేమే. మీ ఇంట్లోనూ అంతేనా? అయితే ఏం కొనాలో చెప్పే హక్కు కూడా మీదే!

ముందు నీళ్లు, తర్వాతే చేపలు

"బీచ్ దగ్గరే కదా, నాలుగు బిందెలు తెచ్చుకుంటే పోలా?" అని చాలామంది అడుగుతుంటారు. ఒడ్డున ఉండే నీళ్లలో ఏ మురుగు, ఏ నూనె కలిసిందో మనకు తెలియదు. ఆర్‌ఓ నీళ్లలో, అక్వేరియం కోసం ప్రత్యేకంగా అమ్మే సముద్రపు ఉప్పు కలుపుకోవడమే మేలు. లీటరుకి సుమారు 35 గ్రాములు. వంటింటి ఉప్పు పనికిరాదు. నీటి వేడి 25, 26 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండాలి. మన ఎండాకాలంలో చిల్లర్ లేకుండా ఇది కుదరని పని. ఆ ఖర్చు, కరెంటు బిల్లు ముందే లెక్క వేసుకోండి.

నీళ్లు పోసిన రోజే చేపల్ని వేయకూడదు. చేపల మలం, మిగిలిపోయిన మేత కుళ్లి అమ్మోనియా అవుతుంది. అది చేపలకు విషం. దాన్ని విరిచేసే బాక్టీరియా ట్యాంకులో పెరగడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. పాలు తోడుకునేదాకా గిన్నె కదపం కదా, ఇదీ అంతే. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాకే మొదటి చేప.

ఎవరితో పొసగదు?

లయన్ ఫిష్ విసనకర్రలా రెక్కలు విప్పుకుని ఎంతో హుందాగా కనిపిస్తుంది. నోట్లో పట్టే చేప ఏదైనా సరే గుటుక్కున మింగేస్తుంది. పైగా దాని ముళ్లలో విషం ఉంటుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో వద్దే వద్దు. ట్రిగ్గర్ ఫిష్ రొయ్యల్నీ నత్తల్నీ కొరికి తినేస్తుంది. డామ్సెల్ బొటనవేలంత ఉంటుంది, ధర కూడా తక్కువే. కానీ ట్యాంకులో సగం నాదేనంటూ కొత్తగా వచ్చినవాటిని తరిమి తరిమి కొడుతుంది. తప్పదనుకుంటే దాన్ని అన్నిటికంటే చివర వేయండి.

2003లో 'ఫైండింగ్ నీమో' సినిమా వచ్చిన దగ్గర్నుంచీ పిల్లలు డోరీ కావాలని మారాం చేస్తుంటారు. డోరీ అంటే బ్లూ టాంగ్. దుకాణంలో రెండంగుళాలుండే ఆ పిల్ల 30 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. రోజంతా ఈదుతూనే ఉండాలి. నా 300 లీటర్ల ట్యాంకు దానికి ఒక మూల గది కిందే లెక్క. మాండరిన్ చేప కథ మరోలా ఉంటుంది. పట్టుచీరలా మెరిసిపోతుంది, ఎవరి జోలికీ పోదు. కానీ రాళ్లమీద పాకే కంటికి ఆనని జీవుల్నే వెతుక్కుని తింటుంది. కొత్త ట్యాంకులో అవి ఉండవు. పక్కనే మేత ఉన్నా చాలాసార్లు ముట్టకుండా ఆకలితో చిక్కి చచ్చిపోతుంది.

పొసిగేవి ఇవీ

మొదటిసారి పెంచేవారికి క్లౌన్ ఫిష్ జంట మంచిది. ఈ చేపలన్నీ మగవిగానే పుడతాయి. జంటలో పెద్దది ఆడదిగా మారి పెత్తనం చేస్తుంది! వీటికి సీ ఎనిమోన్ ఉండి తీరాలన్నది అపోహ. పైగా ఎనిమోన్ కదిలి వెళ్లి పక్కవాటిని కుడుతుంది. తమిళనాడులోని మండపంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు క్లౌన్ ఫిష్‌ని హేచరీలో పుట్టించి పెంచే పద్ధతులు రూపొందించారు. హేచరీలో పుట్టింది ట్యాంకుకి, మేతకి త్వరగా అలవాటు పడుతుంది. కొన్ని దేశాల్లో సైనైడ్ చల్లి, చేపల్ని సొమ్మసిల్లజేసి పడుతుంటారు. అలాంటివి ఇంటికి తెచ్చాక ఎక్కువ రోజులు బతకవు.

మా ట్యాంకులో నాకు ముచ్చటైన జంట గోబీ చేప, పిస్టల్ రొయ్య. రొయ్యకి చూపు సరిగా ఆనదు, బొరియ తవ్వడం దాని పని. గోబీ గుమ్మంలో కాపలా కాస్తుంది. ప్రమాదం అనిపిస్తే తోక ఆడిస్తుంది, ఇద్దరూ లోపలికి దూరిపోతారు. కలిసొచ్చే అత్తాకోడళ్లు ఇలాగే ఉంటారేమో! ఈ రెండూ, క్లౌన్ జంట, ఒక ఫైర్ ఫిష్, ఒక క్లీనర్ రొయ్య... మా ట్యాంకుకి ఇంతే సంసారం. ఫైర్ ఫిష్ బెదిరితే పైకి ఎగురుతుంది, అందుకే జాలీ మూత పెట్టాను.

పగడాలంటే రాళ్లు కావు

పగడం ప్రాణమున్న జీవి. దాని ఒంట్లో సూక్ష్మమైన నాచు ఉండి, వెలుతురుతో ఆహారం తయారుచేసి పెడుతుంది. అందుకే సరైన లైటు లేకపోతే పగడం బతకదు. పగడాల్లోనూ పోట్లాటలుంటాయి! గెలాక్సియా అనే రకం రాత్రిళ్లు పొడవైన తీగలు చాచి పక్కదాన్ని కాల్చేస్తుంది. అందుకే మా చెల్లెలు దాని చుట్టూ జానెడుకు పైగా ఖాళీ వదిలింది. లెదర్ పగడాలు నీళ్లలోకి రసాయనాలు వదిలి పక్కవాటిని ఎదగనివ్వవు. వాటిని పీల్చడానికి యాక్టివేటెడ్ కార్బన్ వాడాలి. బటర్‌ఫ్లై చేపల్లో చాలావాటికి పగడాలే భోజనం. చేపల తెల్లమచ్చల జబ్బుకి వాడే రాగి మందు పగడాల్నీ రొయ్యల్నీ చంపేస్తుంది. అందుకే కొత్త చేపని 3, 4 వారాలు వేరే తొట్టెలో ఉంచి, జబ్బు లేదని తేలాకే కలపాలి.

ఇంకొక్క మాట. అమెరికాలోనో, ఇంగ్లండ్‌లోనో ఉన్న మీ అమ్మాయి ఇంట్లో ఇలాంటి ట్యాంకుంటే ఇది తప్పక చెప్పండి. పాలిథోవా, జోయాంథస్ రకాల్లో కొన్నిట్లో పాలీటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. అవి అంటుకున్న రాళ్లని మరిగించకూడదు, బ్రష్‌తో రుద్దకూడదు, గ్లవ్స్ లేకుండా ముట్టుకోకూడదు. 2018లో ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో, అక్వేరియంలోని పగడాల నుంచి ఈ విషం సోకి ఒక కుటుంబం మొత్తం ఆసుపత్రి పాలైంది.

మరి నా ట్యాంకులో ఎందుకు లేవు?

మన దేశంలో గట్టి పగడాలన్నిటినీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో చేర్చారు. పులికీ, ఏనుగుకీ ఉన్నలాంటి రక్షణే. సముద్రపు గుర్రాలు కూడా అందులోనే చేరాయి. లక్షద్వీప్, అండమాన్, మన్నార్ సింధుశాఖ, కచ్ తీరాల్లోని పగడపు దిబ్బలు సముద్రం వేడెక్కి ఇప్పటికే తెల్లబోతున్నాయి. అక్కణ్నుంచి విరిచి తెచ్చిన ముక్క మన డ్రాయింగ్ రూమ్‌లో పెట్టుకుంటే అది నేరం. "ఏం ఫర్వాలేదు మేడమ్, అందరూ కొంటున్నారు" అంటారు కొందరు దుకాణదారులు. బిల్లు అడిగి చూడండి, మాట మార్చేస్తారు. మా చెల్లెలు కొన్నవి ట్యాంకుల్లోనే పెంచి, ముక్కలుగా అమ్మినవి. అక్కడ అది మామూలు వ్యాపారం. నేను మాత్రం సిరామిక్ రాళ్లు గుహల్లా పేర్చాను. చేపలకి కావలసింది దాక్కునే చోటు, అది దొరికింది.

కొనేముందు అడగండి

ఈ చేప పెద్దదైతే ఎంతవుతుంది? ఏం తింటుంది? నా ముందు మేత వేస్తే తింటుందా? హేచరీలో పుట్టిందా, సముద్రంలో పట్టిందా? ఇప్పుడు నా దగ్గరున్నవాటితో కలుస్తుందా? ఈ 5 ప్రశ్నలూ కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఒక్కదానికి జవాబు రాకపోయినా ఖాళీ చేతుల్తో తిరిగి వచ్చేయండి. చీర నచ్చకపోతే బీరువాలో పడుంటుంది. చేప అలా పడుండలేదు కదా!