రాళ్ళకు గుర్తులు వేశారు

శ్రీశైలం జలాశయంలో నీళ్ళు తగ్గినప్పుడు సంగమేశ్వరం బయటపడుతుంది. నంద్యాల జిల్లాలోని ఈ ఆలయం ఏడాదిలో చాలాకాలం కృష్ణగర్భంలోనే ఉంటుంది. ఎండలు ముదిరేసరికి ముందు శిఖరం, చివరకు గర్భగుడిలోని వేపదారు లింగం దర్శనమిస్తాయి. ఒక వేసవిలో నేనూ ఆ దేవుణ్ణి చూడడానికే వెళ్ళాను. చూచి వచ్చింది మాత్రం ఒక ఊరిని!

దర్శనం చేసుకుని ఒడ్డువెంట నడుస్తూ ఉంటే, నెర్రెలు విచ్చిన ఒండ్రునేలమీద ఒక వృద్ధుడు చేతికర్రతో గీతలు గీస్తూ కనిపించాడు. చుట్టూ కుండపెంకులు, కూలిన పునాదిరాళ్ళు.

"ఏం వెదుకుతున్నావు తాతా?" అన్నాను.

"వెదకడమెందుకు నాయనా! ఇది మా వాకిలి. ఇక్కడ రోలుండేది. ఆ దిబ్బే రచ్చబండ. ఏటా దేవుడు లేస్తాడు గదా, ఆయనతోబాటు మా ఊరూ లేస్తుంది. చూసిపోదామని వస్తా."

"మీ ఊరివాళ్ళంతా ఇప్పుడెక్కడ ఉన్నారు?"

ఆయన కర్రతో నాలుగు దిక్కులూ చూపించాడు. అంతే.

శ్రీశైలం ఆనకట్టకు 1963లో నెహ్రూగారు శంకుస్థాపన చేశారు. నీటిమట్టం 885 అడుగులదాకా నిలిచేటట్లు కట్టిన ఆ జలాశయంకింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలలో నూరు గ్రామాలకు అటూ ఇటూగా మునిగాయి. లక్షమందికి చేరువగా నిర్వాసితులయ్యారు. 1981లో ఇళ్ళు పడగొట్టి మరీ ఊళ్ళను ఖాళీ చేయించారు. అప్పటికి అమలులో ఉన్నది 1894 నాటి భూసేకరణ చట్టం. అది పట్టా ఉన్నవాడికి భూమి ఖరీదు కట్టి ఇమ్మన్నది. ఆ భూమిని నమ్ముకుని బ్రతికిన కౌలుదారు, కూలివాడు, కుమ్మరి ఎక్కడికి పోవాలో చెప్పలేదు.

అక్కడినుంచి తుంగభద్ర దాటి అలంపురం వెళ్ళాను. కృష్ణా తుంగభద్రల కూడలిలో కూడవెల్లి సంగమేశ్వరాలయం ఉండేది. ముంపు తప్పించడానికి దానిని రాయి రాయి విప్పి, ప్రతి రాతికీ గుర్తువేసి, అలంపురం తరలించి మళ్ళీ అదే వరుసలో నిలబెట్టారు. ఎంత శ్రద్ధ! ఏ రాయి ప్రక్కన ఏ రాయి ఉండాలో ఎవరూ మరచిపోలేదు. చేతులెత్తి నమస్కరించాను. కాని నా కళ్ళముందు తాతగారి చేతికర్రే మెదిలింది. ఏ ఇంటి ప్రక్కన ఏ ఇల్లు ఉండేదో ఎవరు వ్రాసుకున్నారు?

ఆనకట్టలు వద్దని నేననడం లేదు. ఆ నీటివల్ల పొలాలు పండాయి. ఆ విద్యుత్తువల్ల మనలో ఎందరి ఇళ్ళలోనో దీపాలు వెలిగాయి. అందుకే ఆ ఋణం మనందరిదీ. ముంపు కుటుంబాలలో ఇంటికొకరికి ఉద్యోగమివ్వాలని 1986లో 98వ నంబరు ఉత్తర్వు వెలువడింది. దానికోసం ఎదురుచూపులు దశాబ్దాలు సాగాయి. ఉద్యోగపు వయసుకు మాత్రం ఎదురుచూడడం తెలియదు గదా!

2013లో కొత్త చట్టం వచ్చింది. 2014 జనవరి 1 నుంచి అమలులో ఉన్నది. సాగునీటి ప్రాజెక్టులో పొలం పోయిన కుటుంబానికి వీలైనంతవరకు ఆయకట్టులో కనీసం ఒక ఎకరం ఇవ్వాలన్నది. భూమిలేని కూలీలనూ, కౌలుదారులనూ లెక్కలోకి తీసుకున్నది. అన్నిటికన్న ముఖ్యం, నీరు నిలవడానికి ఆరు నెలలముందే పునరావాసం పూర్తికావాలన్నది. ముందు మనిషి, తరువాత నీరు అన్నమాట. శ్రీశైలంవారికి ఈ మాట ముప్ఫయ్యేళ్ళు ఆలస్యంగా వచ్చింది. గోదావరి మీద పోలవరం ముంపువాసుల విషయంలోనైనా అది కాగితంమీదనే మిగిలిపోకుండా అడగవలసినవాళ్ళం మనమే.

తిరిగివచ్చేముందు తాతను అడిగాను, "మళ్ళీ ఏడు వస్తావా?" అని.

"ఊరు లేస్తే వస్తా నాయనా. నేను లేవగలిగితే!" అన్నాడు.