రాతిని నూరుటలోని లెక్క

తిరగలి త్రిప్పిన తల్లులకు ఒక సంగతి చక్కగ తెలియును. బియ్యమును రవ్వగా విసరుటకు కొంచెము సేపు చాలును. ఆ బియ్యమునే మెత్తని పిండిగా చేయవలెనన్న చేతులు నొప్పి పుట్టువరకు త్రిప్పవలెను. ఈ యనుభవమునే లెక్కలో పెట్టి, గనిలో త్రవ్విన రాతిని నూరుటకు ఎంత శక్తి కావలెనో ముందుగా చెప్పుటకై విద్వాంసులు నూటయేబది సంవత్సరములకు పైగా శ్రమపడుచున్నారు. మన విద్యార్థులు నేర్చుకొను భిన్నములును వర్గమూలములును ఈ పనిలో ఎట్లు ఉపయోగించుచున్నవో ఇందు వివరింప దలచితిమి.

రాతిని ఏల నూరవలెను? బంగారముగాని రాగిగాని భూమిలో ముద్దలుగా దొరకుట అరుదు. సన్నని రేణువులై రాతిలో ఇమిడియుండును. రాతిని పగులగొట్టి, నూరి, ఆ రేణువులు బయటపడునట్లు చేసినగాని వానిని వేరుచేయ వీలులేదు. మన చిత్తూరు జిల్లాకు పొరుగున, కర్ణాటక రాష్ట్రములోనున్న కోలారు బంగారు గనులు ఇందుకు మంచి నిదర్శనము. అచ్చట పనిచేసిన కుటుంబములలో తెలుగువారును అనేకులు గలరు. 2001 వ సంవత్సరమున మూతపడులోపల ఆ గనులనుండి ఇంచుమించు 800 టన్నుల బంగారము లభించినది. కడపటి కాలమున టన్ను రాతిలో కొన్ని గ్రాముల బంగారమే యుండెడిది. ఆ కొన్ని గ్రాములకై టన్ను రాతినంతయు పొడిచేయవలసినదే. అట్లు నూరగా మిగిలిన పొడి నేటికిని అచ్చట గుట్టలు గుట్టలుగా నిలిచియున్నది.

ఇట్టి పనికి శక్తి విస్తారముగ కావలెను. కావేరీనదిపై శివనసముద్రమునొద్ద పుట్టించిన విద్యుత్తును 1902 వ సంవత్సరమున 90 మైళ్లకు పైగా తీగలపై కొనిపోయినది ఈ కోలారు గనులకొరకే. అనేక ఖనిజ కర్మాగారములలో విద్యుత్తు ఖర్చులో పెద్దభాగము నూరుటకే పోవును. నూరుట చాలనిచో బంగారము రాతిలోనే చిక్కుకొని దిబ్బపాలగును. మితిమీరినచో విద్యుత్తు వ్యర్థమగుటయేగాక, రాయి బురదవలె మారి తరువాతి పనులను చెరచును. కావున ఎంతవరకు నూరవలెనను ప్రశ్నపై గని లాభనష్టములు ఆధారపడియుండును.

ఈ ప్రశ్నకు మొదటి ప్రసిద్ధమైన యుత్తరమును ఆస్ట్రియా దేశస్థుడగు రిట్టింగరు 1867 లో ఇచ్చెను. ఒక్కొక్క ప్రక్క ఒక సెంటీమీటరుగల ఘనమును తీసికొనుడు. దాని ఆరు ముఖముల వైశాల్యము 6 చదరపు సెంటీమీటర్లు. దానిని మిల్లీమీటరు ఘనములుగా కోసినచో 1000 ముక్కలగును. వాని ముఖముల మొత్తము వైశాల్యము 60 చదరపు సెంటీమీటర్లగును. రాయి అంతయే, పైతలము మాత్రము పదింతలైనది. క్రొత్తగా ఏర్పడిన తలమునుబట్టియే శక్తి ఖర్చగునని రిట్టింగరు సిద్ధాంతము.

1885 లో కిక్కు అను ఆచార్యుడు మరియొక విధముగ చెప్పెను. ఎన్నవ వంతునకు తగ్గించితిమన్నదే ముఖ్యమట. పది సెంటీమీటర్ల రాళ్లను ఒక సెంటీమీటరుకు తగ్గించుటకును, ఒక సెంటీమీటరు రాళ్లను ఒక మిల్లీమీటరుకు తగ్గించుటకును టన్నుకు ఒకే శక్తి కావలెనని అతని మతము. రెండు చోట్లను తగ్గింపు పదవ వంతే గదా!

ఈ ఇరువురి పక్షములవారికిని చాలకాలము వాదము జరిగినది. 1952 లో అమెరికా దేశస్థుడగు ఫ్రెడ్ బాండు మూడవ సిద్ధాంతమును ప్రకటించెను. అనేక మిల్లుల లెక్కలను పరిశీలించి అతడు వర్గమూలమును ఆశ్రయించెను. అతని సూత్రము ఇది: చివరి పరిమాణముయొక్క వర్గమూలముతో ఒకటిని భాగింపవలెను, మొదటి పరిమాణముయొక్క వర్గమూలముతోను ఒకటిని భాగించి, దానిని ముందటి దానినుండి తీసివేయవలెను, శేషమును 10 తోను, ఆ రాతికి ఏర్పడిన కాఠిన్యసంఖ్యతోను హెచ్చింపవలెను. వచ్చిన ఫలము టన్నుకు కావలసిన యూనిట్ల సంఖ్య. మన యిండ్ల మీటరులోని యూనిట్లే ఇవి. పరిమాణములను మైక్రానులలో, అనగా మిల్లీమీటరులో వేయవవంతులలో చెప్పవలెను. రాతిపొడిలో నూటికి 80 పాళ్లు దూరిపోవు జల్లెడకన్ను కొలతనే దాని పరిమాణముగా ఎన్నుకొందురు. కాఠిన్యసంఖ్యను ఒక చిన్న మిల్లులో పరీక్షించి కనుగొందురు.

ఒక లెక్క చేసి చూతము. కాఠిన్యసంఖ్య 14 అనుకొందము. మీటరు బండలను సెంటీమీటరు రాళ్లుగా చేయుట మొదటి మెట్టు. సెంటీమీటరు రాళ్లను 100 మైక్రానుల పొడిగా చేయుట రెండవ మెట్టు. మీటరుకు 10,00,000 మైక్రానులు, సెంటీమీటరుకు 10,000. మొదటి మెట్టులో 0.01 నుండి 0.001 తీసివేయగా 0.009, దీనిని 140 తో హెచ్చించిన 1.26 యూనిట్లు. రెండవ మెట్టులో 0.1 నుండి 0.01 తీసివేయగా 0.09, ఫలము 12.6 యూనిట్లు. రెండు మెట్లలోను తగ్గింపు నూరవ వంతే. ఖర్చు మాత్రము రెండవ దానియందు పదిరెట్లు. కిక్కు లెక్కలో ఈ రెండును సమానము. రిట్టింగరు లెక్కలో రెండవది నూరురెట్లు. ఒకటికిని నూటికిని నడుమ, నూటి వర్గమూలమగు పదివద్ద బాండు నిలిచెను.

ఇంకను మెత్తగా, 25 మైక్రానుల వరకు నూరదలచినచో, సెంటీమీటరు రాతినుండి ఖర్చు 26.6 యూనిట్లగును. దినమునకు 1000 టన్నులు నూరు మిల్లులో ఇది 14,000 యూనిట్ల అదనపు ఖర్చు. ఆ మెత్తదనమువలన దొరకు బంగారము ఈ ఖర్చును తీర్చునో లేదో చూచుకొని మరి నూరవలెను.

మేము ఈ లెక్కను తరగతిలో వ్రాసినప్పుడు ఒక బాలుడు లేచి, “అయ్యా, మూడింటిలో ఏది నిజమండీ?” అని యడిగెను. ఒకసారి సరియైన సూత్రము ఎల్లచోట్లను సరియైనదేయని బోధించుచుండిన మేము ఆ నాడు వెంటనే బదులు చెప్పలేకపోతిమి. ఫిన్లాండు దేశస్థుడగు హుక్కి 1961 లోనే దీనికి సమాధానము చెప్పియున్నాడు. పెద్ద బండలను పగులగొట్టునప్పుడు కిక్కు లెక్కయు, మిల్లులోని సాధారణపు నూరుటకు బాండు లెక్కయు, మిక్కిలి మెత్తని పొడికి రిట్టింగరు లెక్కయు సత్యమునకు దగ్గరగ నుండును. పైన చెప్పిన 25 మైక్రానులవద్ద అసలు ఖర్చు బాండు సూత్రము చెప్పినదానికన్న అధికముగనే యుండుట ఇందుకు సాక్ష్యము. ప్రతి సూత్రమునకును ఒక పొలిమేర గలదు. మరునాడు ఆ బాలునికి మేము చెప్పిన యుత్తరమిదియే.

శక్తి లెక్క తెలిసినంతమాత్రమున మిల్లులోపల ఏమి జరుగుచున్నదో తెలియదు. దానికి వేరొక లెక్క గలదు. మన పాఠశాలలో పై తరగతులకు పిల్లలను పంపినట్లు, మిల్లు రాళ్లను క్రింది తరగతులకు దించుచుండును. పెద్ద రాళ్లు 100 టన్నులున్నవనుకొనుడు. నిమిషమునకు వానిలో నూటికి 20 పాళ్లు పగులును. పగిలినదానిలో 60 పాళ్లు నడిమి తరగతికిని, 40 పాళ్లు పొడి తరగతికిని చేరును. ఒక నిమిషమునకు 80, 12, 8 టన్నులగును. నడిమి రాళ్లలో నిమిషమునకు నూటికి 10 పాళ్లు పొడియగుననుకొన్నచో, రెండవ నిమిషాంతమున 64, 20.4, 15.6 టన్నులు. కూడి చూడుడు: మొత్తము 100 టన్నులే. మొత్తము తప్పినచో మన లెక్క తప్పినదన్నమాట. 1956 లో బ్రాడ్‌బెంటు, కాల్‌కాటు అను ఇరువురు బొగ్గు పొడియగుటను ఇట్టి పట్టికలతో లెక్కించి చూపిరి. నేడు కంప్యూటరులు పదుల కొలది తరగతులతో ఈ లెక్కనే క్షణములో చేయుచున్నవి.

అయినను మిల్లులో వాడు శక్తిలో మిక్కిలి స్వల్పభాగమే రాతిని చీల్చుటకు ఉపయోగపడుచున్నది. మిగిలినదంతయు వేడిగాను, చప్పుడుగాను పోవుచున్నది. ఈ నష్టమును తగ్గింపగలవారికి లోకమున పని యెంతో మిగిలియున్నది. వర్గమూలములు ఎందుకు పనికివచ్చునని విసుగుకొను విద్యార్థులు ఈ సెలవులలో ఇంటివద్ద తిరగలియుండినచో కొంచెము బియ్యము విసరి, జల్లెడ పట్టి, రవ్వకెంత సేపు పట్టినదో, పిండికెంత సేపు పట్టినదో గడియారము చూచి వ్రాసికొని రావలెనని కోరుచున్నాము. ఆ కాగితములతోనే తరగతిలో మరల లెక్క మొదలుపెట్టుదము.