ఎదురీతకు అంత రుచి

శ్రావణం వచ్చేసరికి కపిలేశ్వరపురం రేవులో గౌతమి రంగు మారుతుంది. ఎగువ నుంచి ఎర్రనీరు దిగుతుంది. లంకల్లో వాళ్లకు పశువుల్ని గట్టుకు చేర్చే తొందర. బంగాళాఖాతంలో ఉన్న ఒక చేపకు మాత్రం అది పిలుపు.

కడలిలో ఉన్నంతకాలం దాని పేరు ఇలస. గోదారిలోకొచ్చి ఎదురీదాకే పులస. ఇంటిపేరు కాదు, పందెం ఈదాక దక్కే బిరుదు. పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత మీకెలాగూ తెలుసు.

సముద్రంలో ఉన్న చేప ఒంట్లోంచి నీరు పోతూ ఉంటుంది. అందుకని ఉప్పునీళ్లే తాగి, ఎక్కువైన ఉప్పును మొప్పల గుండా నెట్టేస్తుంది. ఏట్లోకి వచ్చాక లెక్క తిరగబడుతుంది: నీరు అడగకుండానే ఒంట్లోకి చొరబడుతుంది, ఉప్పు జారిపోతుంది. అప్పటిదాకా ఉప్పును బయటికి తోసిన మొప్పలే ఇప్పుడు లోపలికి లాక్కోవాలి. ఇదంతా వరదకు ఎదురీదుతూనే, కడుపులో గుడ్ల శెన మోస్తూనే. పైగా తిండి బాగా తగ్గించేస్తుంది. మరి బలం ఎక్కడిది? సముద్రంలో ఉండగా మేసి పట్టించిన కొవ్వుది.

కొవ్వుతో పరుగెత్తడంలో ఆరితేరినవి అలాస్కా బండి కుక్కలు. 1973 నుంచి జరుగుతున్న ఇడిటరోడ్ పందెంలో మంచు మీద సుమారు 1,600 కిలోమీటర్లు బండి లాగుతాయి. ముందుండే జట్లకు పట్టేది ఎనిమిది, తొమ్మిది రోజులు. మొదట్లో కండల్లోని చక్కెర నిల్వ కరుగుతుంది. తర్వాత ఒళ్లు కొవ్వు మీదికి మళ్లుతుంది, అక్కణ్నుంచి అలసట పెద్దగా పెరగదు. 1925లో నోమ్ పట్టణానికి డిఫ్తీరియా మందు మోసిన జట్లలో టోగో అనే కుక్కది అన్నిటికంటే పెద్ద అంచె. అప్పటికి దానికి పన్నెండేళ్లు. అప్పట్లో విగ్రహం మాత్రం చివరి అంచె లాగిన బాల్టోకి వేశారు. పేరొకరిది, పాటొకరిది!

అయితే ఆ కుక్కలకు దారిపొడుగునా మాంసం పెడతారు, ఒక్కోదానికి రోజుకు పదివేల కేలరీలకు పైనే. మన పులసకు అసలు చుట్టం 2022లో అలాస్కా నుంచి టాస్మేనియాకు ఎక్కడా వాలకుండా పదకొండు రోజుల్లో 13,560 కిలోమీటర్లు ఎగిరిన గాడ్విట్ పిట్ట. దానిదీ ఒంటి కొవ్వే.

మా ఏట్లో అంత దూరం ఎక్కడుంది? 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. దాన్ని కట్టించిన కాటన్ దొరకు దండం పెట్టుకునే నేల ఇది, పెట్టాల్సిందే. పులస పందేనికి గీత గీసింది కూడా ఆయనే. సాల్మన్‌లా ఎగిరి దూకే చేప కాదిది. గంగలో దీని జాతే ఒకప్పుడు యమునలోకి మళ్లి ఆగ్రా దాకా వెళ్లేది, 1975లో ఫరక్కా బ్యారేజీ అడ్డం పడే వరకూ. అంటే సత్తా తక్కువై ధవళేశ్వరం దగ్గర ఆగడం లేదు.

ఆ గీత కూడా చూడనివ్వం. వందల కిలోమీటర్ల కోసం దాచుకున్న కొవ్వే పులుసులో మనకు రుచి. అందుకే ఒక్కో చేప వేలల్లో పలుకుతుంది, శెన పులస అయితే ఇంకాస్త ఎక్కువ. వల నుంచి తీసిన కాసేపటికే ప్రాణం పోతుంది. గుడ్లు పెట్టి, మళ్లీ కడలికి పోయి, ఇంకో ఏడు ఇదే రేవు ముందు నుంచి ఈదాల్సిన చేప మట్టిదాకలో బెండకాయల మధ్య ఉడుకుతుంది. పొయ్యి మీంచి దించాక మూతపెట్టి వదిలేస్తారు, మర్నాటికి ఇంకా బాగుంటుందని.